పార్కులో రోజంతా వేణువు వాయించాలనుకుంటున్న వారికి

కొన్నేళ్లుగా వేణువు నేర్చుకుంటున్నానని, ఒక సెలవు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పార్కులో వచ్చేపోయేవారి కోసం వాయించాలని ఉందని రాశారు. ఎక్కడ నిలబడాలి, ఏం వాయించాలి, ఎదురుగా డబ్బులకు పెట్టె పెట్టవచ్చా, అనుమతి కావాలా, మృదంగం వాయించే స్నేహితుణ్ణి తీసుకువెళ్లాలా అని అడిగి, చివర ‘ఎవరూ ఆగకపోతే?’ అన్నారు. చాలాకాలంగా పార్కుల్లో వేణువు వాయిస్తున్న వాడిగా నేను ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగిలిన జవాబులన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఎక్కువమంది ఆగరు. ఆగకపోవడమే పార్కు సంగీతానికి సహజ స్థితి. చిన్న లెక్క వేసి చూడండి. మామూలుగా నడిచే మనిషి సెకనుకు దాదాపు 1.3 మీటర్ల దూరం వెళతాడు. మీ వేణువు ఇటు 25 మీటర్లు, అటు 25 మీటర్లు స్పష్టంగా వినిపిస్తుందనుకుందాం. ఆ 50 మీటర్లు దాటడానికి అతనికి 40 సెకన్లు కూడా పట్టవు. పరుగెత్తే వారైతే 20 సెకన్లలోపే దాటిపోతారు. ఒక బాటసారి చెవిలో మీకు దొరికే చోటు అంతే. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. తన పని మీద తాను పోతున్న మనిషి, మనం పిలవకుండానే, మన సంగీతానికి ఇచ్చిన సమయం అది.

2007 జనవరి 12న వాషింగ్టన్‌లోని లాన్‌ఫాంట్ ప్లాజా మెట్రో స్టేషన్‌లో ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్ తానెవరో చెప్పకుండా సుమారు 43 నిమిషాలు వాయించాడు. ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రిక చేయించిన ప్రయోగం అది. 1,097 మంది అతని ముందు నుంచి నడిచివెళ్లారు. ఒక్క నిమిషమైనా నిలబడి విన్నవారు ఏడుగురు. జనానికి అభిరుచి లేదని చెప్పడానికి అందరూ ఈ ఏడు అంకెను ఎత్తి చూపుతారు. నేను అదే వృత్తాంతంలో వేరే అంకెను చూస్తాను. అతని వయొలిన్ పెట్టెలో డబ్బు వేసినవారు 27 మంది, వారిలో చాలామంది నడకలోనే వేసి వెళ్లారు. అంటే ఆగకుండానే విన్నవారు, విని స్పందించినవారు, ఆగినవారి కంటే చాలా ఎక్కువ. అదీ పొద్దున ఆఫీసులకు పరుగులు తీసే వేళ, తలుపుల పక్కన. ఆ చోటులో, ఆ వేళలో ఆగమని అడగడం న్యాయం కాదు. కాబట్టి ఎంతమంది ఆగారని లెక్కపెట్టకండి. దాటుతున్నప్పుడు నడక కొంచెం నెమ్మదించిందా, మాట్లాడుకుంటున్న ఇద్దరూ ఒక క్షణం మాట ఆపారా, ఫోనులో మునిగిన తల పైకి లేచిందా అని చూడండి. ఒక రోజంతా వాయించాక మీకు మిగిలే నిజమైన సమాచారం అదే.

ఈ 40 సెకన్ల సంగతి ఒంటబట్టిందంటే ఏం వాయించాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. కచేరీలో నెమ్మదిగా ఆలాపన మొదలుపెట్టి, రాగాన్ని విస్తరించుకుంటూ పోయి, చాలాసేపటికి అసలు అందాన్ని విప్పి చూపించవచ్చు. శ్రోత మొదటి నుంచీ కూర్చుని ఉంటాడు కాబట్టి ఆ కట్టడం నిలుస్తుంది. పార్కులో ప్రతి ఒక్కరూ పాట మధ్యలో ప్రవేశించి మధ్యలోనే వెళ్లిపోతారు. పల్లవి తరచుగా తిరిగి వచ్చే పాటలు అందుకే ఇక్కడ బాగా నప్పుతాయి. అరనిమిషంలో కనీసం ఒకసారి ఎత్తుగడ, దాని ముగింపు రెండూ వినిపించాలి. చరణాన్ని సాగదీసి వాయించాలని మీకు ఉన్నా, మధ్యలో పల్లవి మొదటి పంక్తిని తిరిగి పలికించండి. అప్పుడే వినడం మొదలుపెట్టిన వారికి అదే పాట ఆరంభం అవుతుంది.

వేగం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. నడిచేవారి అడుగులు నిమిషానికి 100 నుంచి 120 దాకా పడతాయి. మీ తాళం ఆ వేగంలోనో, సరిగ్గా అందులో సగంలోనో ఉంటే వారి అడుగులు తెలియకుండానే పాటలో కలుస్తాయి. కాస్త దూరం నుంచే ఆ మార్పు కనిపిస్తుంది. అంతకంటే చాలా వేగంగా వాయిస్తే మీ నైపుణ్యం మీకు తెలుస్తుందే తప్ప 15 మీటర్ల అవతల ఉన్నవారికి చేరదు. గాలిలో, ఆకుల చప్పుడులో, మాటల్లో కలిసి వేగపు స్వరాలు చెదిరిపోతాయి. నిలిపి ఊదిన స్వరం మాత్రం వెళుతుంది. స్వరాన్ని ఊపి పలికించే గమకాల్లోని సూక్ష్మత దగ్గర బెంచీ దాకే వెళుతుంది, దీర్ఘస్వరం దారి మలుపు దాకా వెళుతుంది. రెండూ కావాలి. ముందుగా దీర్ఘస్వరంతో దూరంలో ఉన్నవారిని పలకరించి, వారు దగ్గరికి వచ్చేసరికి సూక్ష్మమైన పనితనం వినిపించడం సాధనతో అలవడుతుంది. పార్కు నేర్పే విద్యల్లో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే. ఇంట్లో ఎంత సాధన చేసినా ఇది రాదు.

మీ దగ్గర రెండు మూడు వేణువులు ఉంటే పొడవాటి మంద్ర వేణువును ఇంట్లో ఉంచండి. దూరపు వాహనాల రొద, జనరేటర్ల హోరు ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనే ఉంటాయి. మంద్రస్థాయి వాటి కింద మునిగిపోతుంది. మన చెవి సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య అన్నిటికంటే చురుకుగా ఉంటుంది కాబట్టి పొట్టి వేణువు మెల్లగా ఊదినా వినిపిస్తుంది. అలాగని గంటసేపు తారస్థాయిలోనే తిరగవద్దు. నడిచిపోయేవారికి ఇబ్బంది లేదు, పక్కన కూర్చున్నవారి తల నొప్పెడుతుంది.

కూర్చున్నవారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొత్తవారు ఎక్కువగా మరచిపోయేది వీరినే. పార్కులో మీకు మూడు రకాల శ్రోతలు ఉంటారు. ఒకసారి దాటి మళ్లీ కనిపించనివారు మొదటి రకం. చుట్టూ నడక దారిలో తిరుగుతూ మళ్లీ మళ్లీ వచ్చేవారు రెండో రకం. దారి చుట్టుకొలత 800 మీటర్లు ఉంటే వారు సుమారు పది నిమిషాలకొకసారి మీ ముందుకు వస్తారు. పది నిమిషాలకొకసారి అదే పాట తిరిగి మొదలుపెట్టారనుకోండి, వారు ప్రతి చుట్టులోనూ ఆ ఒక్క పాటే వింటారు. అందుకని పాటల వరుసను పది నిమిషాల లెక్కకు దొరకకుండా మార్చుకుంటూ పోవాలి. మూడో రకం బెంచీ మీద కూర్చున్నవారు. వారు మీరు వాయించే ప్రతి స్వరాన్నీ వింటారు, వద్దనుకున్నా వింటారు. మీ దగ్గర ఎనిమిది పాటలే ఉంటే అరగంట దాటగానే వారికి అవి రెండోసారి మొదలవుతాయి. పార్కుకు ఒకరు చదువుకోవడానికి వచ్చి ఉండవచ్చు, ఒకరు దుఃఖంలో ఒంటరిగా కూర్చోవడానికి వచ్చి ఉండవచ్చు. వారికి ఆ చోటు మీద మీకంటే తక్కువ హక్కేమీ లేదు. అందుకే నేను ఒక చోట గంటకు మించి వాయించను. మొదలుపెట్టే ముందు దగ్గరి బెంచీ దాకా వెళ్లి, ‘ఇక్కడ కాసేపు వేణువు వాయిద్దామనుకుంటున్నాను, మీకు ఇబ్బందేమీ లేదు కదా?’ అని అడుగుతాను. కాదన్నవారు అరుదు. అడిగించుకున్నవారు తరువాత మీ పట్ల చూపే ఆదరం వేరుగా ఉంటుంది. కాదంటే మాత్రం మారుమాట లేకుండా ఇంకో చోటు చూసుకోవాలి.

ఇక చోటు. ఒకరోజు ముందే వాయిద్యం లేకుండా పార్కుకు వెళ్లండి. మీరు వాయించాలనుకున్న వేళల్లోనే వెళ్లి, చెవులతో చూడండి. ఫౌంటెన్ పక్కన చల్లగా, అందంగా ఉంటుంది. కానీ నీటి చప్పుడు అన్ని పౌనఃపున్యాల్లోనూ పరుచుకుని ఉంటుంది కాబట్టి వేణువును మింగేస్తుంది. పిల్లల ఆటస్థలం పక్కన వాయిస్తే మీరు ఊయల గొలుసుల కీచుతో పోటీ పడాలి. ద్వారం దగ్గర జనం ఎక్కువే, కానీ అక్కడ అందరూ లోపలికో బయటికో పోయే తొందరలో ఉంటారు. అలాంటి చోటు జాషువా బెల్‌కే కలిసిరాలేదు. నేను ఎంచుకునేది ద్వారం నుంచి కొంత లోపలికి, దారి మెల్లగా వంపు తిరిగే చోటు. వంపు దగ్గర నడక తానుగా నెమ్మదిస్తుంది. మీరు కనిపించకముందే మీ పాట వినిపిస్తుంది. ఎక్కడి నుంచి వస్తోందో అని వెతికే ఆ కొద్ది క్షణాల్లోనే మనిషి శ్రోతగా మారతాడు.

వెనుక గోడ ఉందేమో చూడండి. ఆరుబయట శబ్దం అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. గోడకు ఒకటి రెండు మీటర్ల ముందు నిలబడితే వెనక్కి పోయేది కూడా ముందుకు తిరుగుతుంది. పెద్దగా ఊదకుండానే బలం వస్తుంది. అయితే గోడ మీకు 17 మీటర్ల దూరంలో ఎదురుగా ఉంటే మీ స్వరమే పదో వంతు సెకను ఆలస్యంగా మీకు తిరిగివచ్చి తాళాన్ని చెడగొడుతుంది. కాలికింద రాయి లేదా సిమెంటు నేల ఉంటే మంచిది. మెత్తటి పచ్చిక శబ్దాన్ని పీల్చుకుంటుంది. కప్పు ఉన్న చిన్న మంటపం దొరికితే దానికి మించినది లేదు, కానీ అక్కడ ముందే కూర్చుని ఉన్నవారిని అడగడం మరింత అవసరం.

వేణువు వాయించేవారికి గాలి ప్రత్యేకమైన చిక్కు. పెదవుల నుంచి వెళ్లే సన్నటి గాలిపాయ ముఖరంధ్రం అంచును తాకితేనే స్వరం పుడుతుంది. ఎదురు నుంచో పక్కనుంచో వీచే గాలి ఆ పాయను చెదరగొడితే స్వరం మధ్యలో తెగిపోతుంది. గాలికి వీపు పెట్టి నిలబడండి. మీ శరీరమే వేణువుకు అడ్డు అవుతుంది. దీనివల్ల ఇంకో లాభమూ ఉంది. గాలి వీచే వైపుకు శబ్దం కిందికి వంగి ప్రయాణిస్తుంది, గాలికి ఎదురు వైపు పైకి వంగి చెవులకు అందకుండా పోతుంది. కాబట్టి దారి మీకు గాలి వాలులో ఉండేటట్టు చూసుకోండి.

రెండో చిక్కు శ్రుతి. వేణువులో మోగేది గాలి కాబట్టి ఆ గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు మూడు సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు). పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా ఉంటే 30 సెంట్లు, అంటే అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు. మీ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెకు ఎండ పట్టదు, అది పొద్దున పెట్టిన చోటే ఉంటుంది. కాబట్టి విరామం తీసుకున్న ప్రతిసారీ శ్రుతిపెట్టెను వేణువుకు సరిచేసుకోండి. పెదవుల కోణం మార్చి ఆ తేడాను సర్దుకుంటూ పోతే గంటలో పెదవులు అలసిపోతాయి. వెదురును ఎండలో వదలకండి, చీలుతుంది. గుడ్డ సంచిలో, నీడలో ఉంచండి.

అనుమతి సంగతి పార్కును నిర్వహించే కార్యాలయంలో నేరుగా అడిగి తెలుసుకోండి. ఒక్కో చోట ఒక్కో నియమం ఉంటుంది. స్పీకరు లేకుండా వాయించేవారిని చూసీ చూడనట్టు వదిలేసే పార్కులు ఉన్నాయి, అయినా నోటిమాటగానైనా ముందే చెప్పి ఉంటే మీ మనసు కుదురుగా ఉంటుంది. కాపలాదారు దగ్గరికి వస్తున్నప్పుడల్లా గుండె దడదడలాడుతుంటే ఊపిరి నిలవదు, ఊపిరి నిలవకపోతే వేణువు పలకదు. బహిరంగ సంగీతంపై తగవు కొత్తది కాదు. లండన్‌లో వీధి వాయిద్యకారులపై గణిత శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ ఏళ్ల తరబడి పోరాడాడు. 1864లో వారిని అదుపు చేసే చట్టమే అక్కడ వచ్చింది. అదే లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో 2003 నుంచి లైసెన్సు తీసుకుని, గుర్తించిన చోట్లలో వాయించే ఏర్పాటు నడుస్తోంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కొన్ని భాగాలను నిశ్శబ్ద ప్రాంతాలుగా కేటాయించారు. ఆ పార్కు వేదికపై జరిగే కచేరీల శబ్ద తీవ్రతను నగరం అదుపు చేయవచ్చా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చేయవచ్చని 1989లో తీర్పు వచ్చింది. ఈ తగవులను గమనిస్తే అభ్యంతరం సంగీతం మీద కంటే దాని తీవ్రత మీద, దాని నుంచి తప్పించుకోలేకపోవడం మీద ఎక్కువగా ఉంటుందని నాకు అనిపిస్తుంది.

అందుకే స్పీకరు వద్దంటాను. శ్రుతిపెట్టె శబ్దం కూడా మీకు వినిపించేంత ఉంటే చాలు. స్పీకరు లేని వేణువుకు సహజమైన హద్దు ఉంటుంది. ఇష్టం లేనివారు ముప్పై అడుగులు వేసి పక్కకు వెళితే దాని నుంచి చాలావరకు బయటపడగలరు. ఆ స్వేచ్ఛ వారికి ఉన్నంతకాలం మిమ్మల్ని ఎవరూ బరువుగా భావించరు. ఇంకో జాగ్రత్త చెప్పాలి. చుట్టూ రొద పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎటియన్ లొంబార్డ్ 1911లో దీన్ని వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పాడే గొంతుకూ ఇది వర్తిస్తుంది, ఊదే ఊపిరికీ వర్తిస్తుందని నా అనుభవం. పక్కన పచ్చిక కోసే యంత్రం మొదలైందంటే బలంగా ఊదవద్దు. వాయించడం ఆపి నీళ్లు తాగండి. అది వెళ్లిపోయాక మొదలుపెట్టండి.

ఇక రోజు ఎలా నడుస్తుందో చెబుతాను. తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండటం వల్ల శబ్దం మామూలు కంటే దూరం పోతుంది. మెల్లగా వాయించినా పార్కు అవతలి ఇళ్లలో వినిపిస్తుంది. నిద్రపోతున్నవారు ఉంటారు కాబట్టి తెలతెలవారే వేళ వాయించవద్దు. ఆ సమయంలో చోటు చూసుకోండి, వేణువును అరచేతుల్లో వెచ్చబరచండి. ఎండ పొడ పడ్డాక మొదలుపెట్టండి. ఈ మొదటి గంట చుట్లు తిరిగేవారిది. వారు పలకరించరు, తలెత్తి కూడా చూడరు, కానీ మూడో చుట్టుకో నాలుగో చుట్టుకో ఒక చిరునవ్వు వస్తుంది. విలంబంగా, నిండుగా వాయించడానికి ఇంతకంటే మంచి వేళ లేదు. 40 నిమిషాలు వాయించి పది పదిహేను నిమిషాలు ఆగండి. పెదవి కండరాలకు బలం ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ పగలంతా వాయించాలనుకునేవారు అలసట తెలియకముందే ఆగాలి. పెదవులు ఎండిపోతే స్వరంలో గాలి శబ్దం పెరుగుతుంది. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ ఉండండి.

పొద్దెక్కే కొద్దీ జనం పలచబడతారు. మధ్యాహ్నం ఎండవేళ వాయించవద్దని నా గట్టి సలహా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నారు గానీ మొత్తం మీద నాలుగు గంటల వాయిద్యమంటే మీ వంటి కొత్తవారికి చాలా ఎక్కువ. చెట్టు కింద కూర్చుని తినండి, కునుకు తీయండి, పొద్దుటి సంగతులు కాగితంపై రాసుకోండి.

సాయంత్రం పార్కు పూర్తిగా మారిపోతుంది. కుటుంబాలు వస్తాయి, పిల్లలు వస్తారు. పిల్లలు ఆగుతారు, చెయ్యి పట్టుకున్న పెద్దలు లాగుతారు. జాషువా బెల్ ముందు నుంచి వెళ్లిన పిల్లలందరూ ఆగాలని చూశారని, పెద్దలు వారిని ముందుకు నడిపించుకుపోయారని ఆ పత్రిక రాసింది. పార్కులో పెద్దలకు అంత తొందర ఉండదు కాబట్టి పిల్లవాడు గెలిచే అవకాశం ఉంది. ఎదురుగా ఒక బిడ్డ నిలబడితే వాయిస్తున్నది ఎంత గంభీరమైనదైనా సరే, రెండు పంక్తుల్లో ముగించి ఆ బిడ్డకు తెలిసి ఉండగల తేలికైన పాట ఎత్తుకోండి. ఒక బిడ్డ ఆగితే తల్లిదండ్రులు ఆగుతారు, వారు ఆగితే వెనుక వచ్చేవారు ఆగుతారు. చిన్న గుంపు ఏర్పడిందంటే దారికి అడ్డం కాకుండా మీరే రెండడుగులు వెనక్కి జరగండి. గుంపు మీతోపాటు జరుగుతుంది. దారి మూసుకుపోవడమే కాపలాదారు మీ దగ్గరికి రావడానికి మొదటి కారణం అవుతుంది.

చీకటి పడే ముందు పక్షులు గూళ్లకు చేరేటప్పుడు కొన్ని చెట్ల కింద వేణువు అసలు వినిపించదు. పగలు నీడనిచ్చిన ఆ పెద్ద చెట్టును సాయంత్రం వదిలిపెట్టాలి. ముందురోజు వెళ్లినప్పుడు ఇది కూడా చూసి పెట్టుకోండి.

డబ్బుల పెట్టె గురించి మీరు మొహమాటపడుతూ అడిగారు. మొహమాటం వద్దు. పార్కు నియమాలు ఒప్పుకుంటే పెట్టండి. ఇవ్వడం వినేవారికి ఒక మాట చెప్పే అవకాశం. మాటలు దొరకనివారు నాణెంతో చెబుతారు. పెట్టెను మీ కాళ్ల దగ్గర పెట్టవద్దు. ఇచ్చేవారిలో చాలామంది బిడియస్తులు, వాయిస్తున్న మనిషి ముఖంలోకి చూస్తూ వంగడానికి సిగ్గుపడతారు. రెండు మీటర్ల ముందు, దారి అంచున, వెళ్లే వైపుకు పెట్టండి. దాటిపోతూ చెయ్యి చాచితే సరిపోవాలి. ఖాళీ పెట్టె అలంకరణో ఏమిటో తెలియదు కాబట్టి ముందు మీరే కొన్ని నాణేలు వేయండి. నోట్లు ఎగిరిపోకుండా నున్నటి రాయి ఒకటి ఉంచండి. ఎక్కువ పోగైతే విరామంలో తీసి సంచిలో పెట్టుకోండి. ఈ రోజుల్లో క్యూఆర్ కోడ్ కాగితం కూడా పెడతారు. మీరు అటు తిరిగినప్పుడు ఎవరైనా దానిపై వేరేది అంటించారేమో విరామం తరువాత ప్రతిసారీ చూసుకోండి. పెట్టె వైపు చూపు పోనివ్వకండి. వేసినవారికి వాయిస్తూనే కళ్లతో, తలతో ఒక నమస్కారం చేస్తే చాలు. వేయకుండా చాలాసేపు విన్నవారికీ అదే నమస్కారం. పాట పూర్తిగా ముగిసి నిశ్శబ్దం వచ్చిందంటే గుంపు విడిపోతుంది, కొందరు ఇద్దామనుకుంటూనే వెళ్లిపోతారు. అందుకని చివరి స్వరం తరువాత ఒక చిన్న మాట చెప్పండి: ఇప్పుడు వాయించిన రాగం ఏదో, తరువాత ఏం వాయించబోతున్నారో. ఆ కొన్ని క్షణాలు వారికి చాలు.

మాట్లాడటానికి వచ్చేవారు ఉంటారు. పాట అడుగుతారు, వస్తే వాయించండి, రాకపోతే రాదని చెప్పి అదే రాగంలోనిదో అదే భావంలోనిదో ఇంకొకటి వినిపించండి. చాలామంది దానితో తృప్తి పడతారు. ఫోనుతో వీడియో తీసేవారిని ఆపలేరు, కానీ మొహం మీదికి వస్తే కొంచెం దూరం నుంచి తీయమని మర్యాదగా చెప్పవచ్చు. ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే పాట ఆపి ఓదార్చబోవద్దు. వారు వచ్చింది ఆ పాట కోసం, దాన్ని పూర్తిచేయండి. తగువు పెట్టుకోవాలని వచ్చినవారితో మాత్రం వాదం వద్దు, వేణువు సంచిలో పెట్టి జనం ఉన్న వైపు నడవండి. పార్కులో మరో వాయిద్యకారుడు ముందే ఉంటే మొదలుపెట్టకముందే ఆయన దగ్గరికి వెళ్లి, విరామం దాకా వేచి ఉండి, ఎంతసేపు ఉంటారో అడగండి. ఒకరి స్వరం ఒకరికి వినిపించనంత దూరమైనా ఉండాలి, వంతులైనా వేసుకోవాలి. ముందు వచ్చినవారిదే మొదటి మాట. ఈ మర్యాద ఎక్కడా రాసి ఉండదు, అందరూ పాటిస్తారు.

మీ స్నేహితుడి మృదంగం సంగతి. మొదటి రోజు వద్దు. తాళవాద్యం కలిసిందంటే పాటకు ప్రాణం వస్తుంది, నిజమే, కానీ అది వేణువు కంటే చాలా దూరం వినిపిస్తుంది. ముప్పై అడుగుల స్వేచ్ఛ అన్నానే, అది పోతుంది. అనుమతి దొరకడం కూడా కష్టమవుతుంది. పైగా మృదంగం తోడుంటే మీరు దాని వైపు తిరిగి వాయిస్తారు, దారిని గమనించరు. ముందు కొన్నిసార్లు ఒంటరిగా వాయించి, ఏ వేళకు ఏ వంపు దగ్గర ఎలాంటి పాట పలికిందో తెలుసుకున్నాక, ఆయన్ను కంజిరతో, అంటే చేత పట్టుకునే చిన్న డప్పుతో, రమ్మనండి. వేళ్లతో మెల్లగా వాయిస్తే అది వేణువును మించదు. మొదటిసారి మాత్రం రోజంతా అని పెట్టుకోకుండా పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వాయించి రండి. ఇంటికి చేరగానే వేణువు లోపలి తడిని మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఏ పాట దగ్గర అడుగులు నెమ్మదించాయో గుర్తున్నంత వరకు రాసి పెట్టుకుంటే రెండోసారికి పాటల వరుస దాని నుంచే తయారవుతుంది.